వాసన లేని గుట్ట

మా మామయ్యను అందరూ ముక్కు అనేవారు. రాగి గనిలో ముప్పై ఒక్క ఏళ్ళు, దాదాపు అంతా ఆ పేరుతోనే, పనిచేశాడు. హాజరు పట్టీలో అసలు పేరు ఉండేది గానీ, జీతాల గుమాస్తా కూడా కిటికీలోంచి "ముక్కూ, రావయ్యా, సంతకం పెట్టు" అనే పిలిచేవాడు. చూడటానికి ఆ ముక్కులో ప్రత్యేకతేమీ లేదు, చప్పిడి ముక్కు. "దేవుడు నీకు ముక్కు పెట్టడం మరిచిపోయి ఆఖర్న బొటనవేలితో నొక్కి పంపించాడు అన్నయ్యా" అని అమ్మ ఆటపట్టించేది. ఆయన మాత్రం దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. జలుబు చేస్తుందని వానలో తడిసేవాడు కాదు. బీడీ ముట్టలేదు. పొడుం పీల్చేవాళ్ళ పక్కన కూర్చునేవాడు కూడా కాదు.

ఆయన గురించి ఇప్పుడు రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. కంపెనీకి అమ్ముడుపోయి సొంత చెల్లెలి గొంతు కోశాడని కొందరు, చెల్లెలి కోసం విచారణలో పచ్చి అబద్ధం ఆడాడని కొందరు. రెండూ తప్పే. నిజం చెప్పినంత మాత్రాన ఆయన మీద మచ్చ పోదు, నా కోపమూ పోదు. అయినా జనం నోట్లో తప్పు కథ నలుగుతుంటే ఒళ్ళు మండి రాస్తున్నాను. నేను ఆయన మేనకోడలిని, జిరాక్సు షాపులో టైపు కొట్టుకుని బతికేదాన్ని. ఇతరుల అర్జీలు వేలకొద్దీ కొట్టాను. ఇదొక్కటి మాది.

ముందు ఆ రాయి గురించి చెప్పాలి. ఇంజనీర్లు దాన్ని ఎనార్జైట్ అంటారు. పనివాళ్ళు వెల్లుల్లి రాయి అంటారు. రాగి, గంధకం, పాషాణం కలిసి పుట్టిన రాయి అది. పాషాణమంటే వేరే ఏదో కాదు, ఇంజనీర్లు ఆర్సెనిక్ అనే విషమే. రాయి నల్లగా ఉంటుంది, పగలగొట్టిన చోట ఉక్కులా మెరుస్తుంది. పిడికెడు ముక్క అరచేతిలో పెడితే చెయ్యి కిందికి దిగుతుంది, అంత బరువు. అంత బరువున్నా గట్టిదేం కాదు, మేకు మొనతో గీకితే గీత పడుతుంది. సుత్తితో కొడితే నిలువునా పుల్లలు పుల్లలుగా చీలుతుంది. గరుకు పింగాణీ పెంకు మీద రుద్దితే నల్లటి చార వస్తుంది. వెలుతురులో వదిలేస్తే కొన్నాళ్ళకు మెరుపు చచ్చి మసి పట్టినట్టవుతుంది, అందుకే నమూనాలను మూత ఉన్న పెట్టెల్లో దాచేవారు. కొవ్వొత్తి సెగకే కరిగిపోతుంది. ఇవన్నీ నాకు మామయ్య నేర్పినవే. చిన్నప్పుడు నాకు బొమ్మలు కొనిచ్చే స్తోమత లేక రాళ్ళు తెచ్చి చూపించేవాడు. చూశాక మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, గోళ్ళ సందులు కూడా వెతికి, ఆ తర్వాతే అన్నం పెట్టేవాడు.

అసలు చిక్కంతా ఒకటే. చల్లగా ఉన్నంతసేపు ఆ రాయికి ఏ వాసనా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసినా, దాని పొడి గంటల తరబడి పీల్చినా ఏమీ తెలియదు. కాలిస్తేనే గుట్టు బయటపడుతుంది. తెల్లటి పొగ లేచి, వెల్లుల్లి మాడిన వాసన గుప్పుమంటుంది. ఆ గనిలో అచ్చం దానిలాంటిదే ఇంకో రాయి కూడా దొరికేది. అదే నలుపు, అదే మెరుపు, దాదాపు అదే బరువు. దాంట్లో పాషాణానికి బదులు ఆంటిమొనీ అనే లోహం ఉంటుంది. కాలిస్తే దానికీ తెల్లటి పొగే వస్తుంది, వెల్లుల్లి వాసన మాత్రం రాదు. కంటికి రెండూ ఒకటే కాబట్టి తేడా తేల్చడానికి కంపెనీకి ఒక ముక్కు కావలసి వచ్చింది.

మామయ్య పద్దెనిమిదో ఏట నమూనాల గదిలో చేరాడు. అప్పుడక్కడ ఉన్న ముసలి మేస్త్రి ఆయనకు పని నేర్పాడు. బొగ్గు ముక్కలో చిన్న గుంట చెక్కి, అందులో చిటికెడు రాతిపొడి పోసి, ఊదుగొట్టంతో దీపం సెగను దాని మీదికి వంచాలి. బుగ్గలు నింపుకుని ముక్కుతో గాలి తీసుకుంటూ, సెగ తెగకుండా ఊదాలి. పొగ లేవగానే ఊదడం ఆపి వాసన చూడాలి. "రెండుసార్లు పీల్చు, చాలు" అనేవాడట మేస్త్రి. "మూడోసారి పీల్చేవాడికి అనుమానం జబ్బు. నాలుగోసారి పీల్చేవాడికి వేరే జబ్బు." అలా చెప్పిన మేస్త్రి కూడా రోజుకు ఇరవైసార్లు పీల్చేవాడు. రెండేళ్ళు తిరక్కుండానే మామయ్య ఆయన్ని మించిపోయాడు. పాషాణం ఆవగింజంత ఉన్నా పట్టేసేవాడు. ఒకసారి పక్క గది వంటావిడ పొయ్యి మీద వెల్లుల్లి వేసిందని, ఆ రోజు నమూనాలన్నీ ఆపేసి, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి కాల్చాడట. మేనేజరు దగ్గర్నుంచి కూలీల దాకా ముక్కున వేలేసుకున్నారు. పేరు ఆ రోజే పడింది.

ఆయన ముక్కు చెప్పిందాన్ని బట్టే గనిలో పని నడిచేది. బయటికి వచ్చిన రాయిని గుట్టలుగా పోసేవారు. వాసన ఉన్న గుట్టకు ఎర్ర రేకు పాతేవారు, లేని గుట్టకు తెల్ల రేకు. ఎర్ర రేకు గుట్టలో రాగి ఉన్న రాయిని ఏరేవాళ్ళకు ముక్కుకు కట్టుకునే గుడ్డలు, చేతి తొడుగులు ఇచ్చేవారు. రాయిని నీళ్ళతో తడిపేవారు, గంటకోసారి మనుషులను మార్చేవారు, పని దిగాక స్నానం చేయనిదే గేటు దాటనిచ్చేవారు కాదు. తెల్ల రేకు గుట్టకు ఇవేవీ లేవు. ఒట్టి చేతులతో, పొడి పొడిగా, పొద్దస్తమానం ఏరుకోవచ్చు.

నాన్న పోయాక మామయ్యే అమ్మను ఏరుడు షెడ్డులో పెట్టించాడు. పెళ్ళి చేసుకోకుండా మా ఇంటి వెనక గదిలోనే ఉండిపోయిన మనిషి, మా ఇద్దరి బరువూ ఆయనదే. అమ్మ పనిలో చేరిన రోజు ఆయన అన్న మాట నాకు బాగా గుర్తు.

"చెల్లాయ్, నువ్వు ఎర్ర రేకు జోలికి పోవద్దు. గుడ్డలు కట్టినా, తడిపినా విషం విషమే. తెల్ల రేకు గుట్ట అడుగు. సూపర్వైజరుతో నేను మాట్లాడాను. తెల్ల రేకంటే నా మాట అనుకో."

"నీ మాట కాదులే, నీ ముక్కు" అని అమ్మ నవ్వింది.

పదకొండేళ్ళు అమ్మ తెల్ల రేకు గుట్టలు మాత్రమే ఏరింది. మిగతా ఆడవాళ్ళకు కడుపుమంటగా ఉండేది. "ముక్కుగారి చెల్లెలమ్మకి అంతా తెల్లగానే ఉండాలి" అని సూటిపోటి మాటలు అనేవారు. వాళ్ళు గుడ్డల్లో ఊపిరాడక తిట్టుకుంటూ, నీళ్ళలో నానుతూ ఎర్ర గుట్టలు ఏరారు. ఈ రోజు వాళ్ళలో చాలామంది కాళ్ళూ చేతులూ బాగున్నాయి. నేను వీధిలోకి వెళ్తే వాళ్ళ నడక చూసి కుళ్ళుకుంటాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మామయ్య ముక్కు ఒక్క రోజులో పోలేదు. కొద్దికొద్దిగా అరిగిపోయింది. ముక్కులో పొక్కులు కట్టేవి, ఎండి ఊడేవి, రక్తం చారలు వచ్చేవి. చివరికి లోపల రెండు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడింది. ఆ పొగ పీల్చేవాళ్ళకు అలా అవుతుందట. ముసలి మేస్త్రికీ అయ్యే ఉంటుంది, చెప్పకుండానే పోయాడు. వాసన మందగిస్తోందని మామయ్యకు మొదట తెలిసినప్పుడు జలుబు అనుకున్నాడు. తర్వాత వయసు అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనుకోవడం మానేసి, ఒక కిటుకు కనిపెట్టాడు. నమూనాల గదిలో ఆయన బల్ల ఎదురుగా తూకం గుమాస్తా కూర్చునేవాడు. పొగ లేవగానే మామయ్య తల పైకెత్తి గుమాస్తా మొహం చూసేవాడు. గుమాస్తా మొహం చిట్లిస్తే రిజిస్టరులో "ఉంది" అని రాసేవాడు, చిట్లించకపోతే "లేదు" అని రాసేవాడు. సిగ్గుచేటైన పద్ధతే, కానీ అలా నడిచినంతకాలం ఎవరికీ అన్యాయం జరగలేదు. గుమాస్తా ముక్కు కంపెనీకి ఊరికే పనిచేసిపెట్టింది, ఆ సంగతి అతనికి కూడా తెలియదు.

పుట్టి మునిగింది ఆయనకు గౌరవం జరిగినప్పుడు. పాతికేళ్ళ సర్వీసు అయిందని కంపెనీ వాళ్ళు ఆయనకు విడిగా గది కట్టించారు. అద్దాల తలుపు, పొగ లాగేసే ఫ్యాను, తిరిగే కుర్చీ. తలుపు మీద "పరీక్షకుడు" అని బోర్డు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. సంతోషంతో అనుకున్నాం మేము. అమ్మ దిష్టి తీస్తానంది. గుమాస్తా మొహం గోడకు అవతల ఉండిపోయింది.

ఆ రోజు మేనేజరు దగ్గరికి వెళ్ళి "అయ్యా, నా ముక్కు పోయింది" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు. పాతికేళ్ళుగా ఊళ్ళో ఆయనకున్న పేరూ పరువూ అంతా ఆ ముక్కే. గుమాస్తా లేడు కాబట్టి పొగ రంగును బట్టి, బొగ్గు మీద పేరుకున్న తెల్లటి పూతను బట్టి చెప్పడానికి ప్రయత్నించాడు. పాషాణం పూత పలచగా, గుంటకు దూరంగా పడుతుంది. ఆంటిమొనీ పూత దట్టంగా, దగ్గరగా పడుతుంది. మంచి కళ్ళుంటే, మంచి వెలుతురుంటే చూడొచ్చు. కానీ పైన ఫ్యాను పొగను ఎత్తుకుపోతుంటే దూరంగా పడే పూత నిలిచేది కాదు. కనిపించేది దగ్గరి పూత ఒక్కటే. అంటే ఆంటిమొనీ. అంటే "లేదు". ఆరేళ్ళ రిజిస్టరు నిండా దాదాపు అన్నీ "లేదు", "లేదు", "లేదు". మిగతా ఆడవాళ్ళు ముందే పేరుకున్న పాత ఎర్ర గుట్టలే ఏరుతూ ఉండిపోయారు; కొత్త గుట్టలకని తెచ్చిన ఎర్ర రేకులు తుప్పు పట్టి మూలన పడ్డాయి. గని అడుక్కి వెళ్ళేకొద్దీ విషం తగ్గుతోందని పై వాళ్ళు సంబరపడ్డారు. పని వేగంగా సాగుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

నాకు రావలసింది. ఒక ఆదివారం నేను బజారు నుంచి వచ్చేసరికి వంటింట్లో పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా కమురు కంపు. మామయ్య గుమ్మానికి ఇవతల, పొయ్యికి వీపు పెట్టుకుని, తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏంటి మామయ్యా, ఇంత కంపు కొడుతుంటే!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. మాడిన గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు. "మీ అమ్మకి చెప్పకే" అన్నాడు మెల్లగా. పాల కోసం అంటున్నాడనుకున్నాను. ఇసుకతో తోమి గిన్నెను తళతళలాడించి, మాట నిలబెట్టుకున్నాను. ఊరందరి కంటే ఎక్కువ చదివినదాన్ని నేనే, కళ్ళెదుట ఉన్నది చూడలేకపోయాను.

అమ్మకు మొదట అరచేతుల్లో గింజలు గింజలుగా కాయలు కాశాయి. రాళ్ళు ఏరే చేతులకు కాయకపోతే ఎలా అనుకున్నాం. తర్వాత వీపు మీద, పొట్ట మీద నల్లని చుక్కల మధ్య తెల్లని చుక్కలు వచ్చాయి. పాదాలు మొద్దుబారాయి, చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలిసేది కాదు. నడవలేక పని మానేసిన ఏడాదికి మడమ మీద పుండు లేచి, ఎన్ని పట్టీలు వేసినా మానలేదు. పట్టణంలో చర్మం డాక్టరు ముక్క కోసి పరీక్షకు పంపాడు. క్యాన్సరు. ఒంట్లో చాలా ఏళ్ళుగా పాషాణం చేరిందనీ, చేసిన పని వల్లే అయి ఉంటుందనీ ఆయన రాసిచ్చాడు. పెద్దాసుపత్రిలో పుండు వరకే తీసి, తొడ మీది చర్మం అతికి, కాలు నిలబెట్టవచ్చన్నాడు. మూడు నెలల్లోపు చేయించాలి, లేకపోతే మోకాలి కింద తీసేయడం తప్ప దారి లేదన్నాడు.

పెద్దాసుపత్రి మా తాహతుకు అందేది కాదు. అయితే పని వల్ల వచ్చిన జబ్బని కార్మిక శాఖ విచారణాధికారి తేలిస్తే కంపెనీయే అక్కడికి పంపాలి, చట్టం అలా ఉంది. అర్జీ నేనే కొట్టాను. పదిహేను రోజుల్లో కంపెనీ జవాబు వచ్చింది. అర్జీదారు తన సర్వీసంతా పాషాణం లేని గుట్టల దగ్గరే, అదీ స్వయంగా కోరి మరీ, పనిచేశారని రాశారు. సాక్ష్యంగా రిజిస్టరు నకళ్ళు జతచేశారు. ప్రతి పేజీ కింద మామయ్య సంతకం.

నకళ్ళు పట్టుకుని వెనక గదికి వెళ్ళాను. అప్పటికి గనిలో రాయిని పరీక్షించే యంత్రం వచ్చి మామయ్యను ఇంటికి పంపి ఏడాదిన్నర దాటింది. ఆయన మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. కాగితాలు ఆయన ఒళ్ళో పడేశాను.

"ఇవన్నీ నిజమేనా మామయ్యా? అమ్మ ఏరిన గుట్టల్లో ఒక్కదాంట్లో కూడా విషం లేదా?"

ఆయన ఒక్కో పేజీ తిప్పాడు. "నాకు తెలీదే" అన్నాడు.

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నువ్వేగా వాసన చూసింది?"

"చూడలేదే అమ్మడూ. అప్పటికే నాకు వాసన లేదు. గుమాస్తా మొహం చూసి రాసేవాణ్ణి. గది మార్చాక..." అంటూ మొత్తం చెప్పాడు. మాడిన గిన్నెతో సహా.

నేను ఆ రోజు ఆయన్ని అనరాని మాటలన్నాను. ఇక్కడ రాయను, కానీ వెనక్కి తీసుకోను కూడా. ఆయన తలెత్తలేదు. నేను అలసిపోయి ఆపాక లేచి, అమ్మ మంచం దగ్గరికి నడిచి, నేల మీద కూర్చుని, ఆవిడకీ అదే చెప్పాడు. అమ్మ విని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఆయన తెచ్చిన నీళ్ళు తాగేది, మాట మాత్రం లేదు.

వేరే రుజువేమీ దొరకలేదు. అమ్మ మూత్రంలో పాషాణం కోసం చూస్తే, పని మానేసి ఇంతకాలమైంది కాబట్టి ఏమీ మిగల్లేదన్నారు. గుట్టలు ఎప్పుడో కరిగి రాగి అయి వెళ్ళిపోయాయి, యంత్రం చెప్పేది ఆ తర్వాత తవ్విన రాయి గురించే. నమూనాలను ఏడాదికోసారి మళ్ళీ గుట్టలో కలిపేయడం అక్కడి అలవాటు. ఇక మిగిలింది మామయ్య ఒక్కడే. "నా ముక్కు చచ్చిపోయింది, ఆ రాతలు నమ్మొద్దు" అని ఆయన నోటితో ఆయన చెప్తే, రిజిస్టరు వీగిపోతుంది. రిజిస్టరు వీగిపోతే చర్మం డాక్టరు రాత నిలబడుతుంది, అమ్మ కాలు నిలబడుతుంది. ఆయన పరువు పోతుంది. పోనీ అన్నాడు ఆయనే.

విచారణ రోజు గని ఆఫీసుకు ఆటోలో వెళ్తూ నేనొక పని చేశాను. చెప్పొద్దనుకున్నాను గానీ దాచను. "ఏం పెట్టినా, ఎవరు అడిగినా, ఏమీ తెలియట్లేదనే చెప్పు. తడబడకు. కొంచెం తెలుస్తోందన్నావంటే అమ్మ కాలు పోయినట్టే" అని నూరిపోశాను. ఆయన చిన్నపిల్లాడిలా తలూపాడు.

విచారణాధికారి నెమ్మదస్తుడే. మామయ్య చెప్పిందంతా ఓపిగ్గా రాసుకున్నాడు. కంపెనీ డాక్టరు లేచి, వాసన పోయిందో లేదో ఇక్కడే చూద్దామన్నాడు. ముందు టార్చిలైటు వేసి ముక్కులోకి చూశాడు.

"లోపల చిల్లు ఉంది. గోటితో గిల్లుకునేవాళ్ళకి పడుతుంది" అన్నాడు.

తర్వాత అందరం నమూనాల గదికి వెళ్ళాం. ఊదుగొట్టం ఊదడం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు, యంత్రం వచ్చాక అందరూ మరిచిపోయారు. కాబట్టి పరీక్ష పెట్టించుకోవలసిన మనిషే బొగ్గులో గుంట చెక్కి, పొడి పోసి, దీపం వెలిగించి ఊదాడు. బుగ్గలు నిండాయి, సెగ ఎక్కడా తెగలేదు. అంత కోపంలోనూ ఆయన పనితనం చూసి నాకు గర్వమనిపించింది. తెల్లటి పొగ లేచింది. విచారణాధికారి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు గొంతులోకి వెల్లుల్లి ఘాటు దిగింది. మామయ్య రెండుసార్లు పీల్చి, తల అడ్డంగా ఊపాడు.

"ఏమీ తెలియట్లేదండీ."

"తెలిసినా తెలియదనడం ఎంత పనండీ?" అన్నాడు డాక్టరు అధికారితో. సంచిలోంచి చిన్న గాజు సీసా తీసి, మూత విప్పి, మామయ్య ముక్కు కింద పెట్టాడు. "ఇది పీల్చండి."

మామయ్య పీల్చాడు. తల వెనక్కి విదిల్చాడు. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. చొక్కా చేత్తో తుడుచుకున్నాడు.

"ఏమైనా తెలిసిందా?"

"లేదండీ."

"బాగా ఆలోచించి చెప్పండి. వాసన కాకపోయినా, మంట? చురుక్కుమనడం?"

మామయ్య నా వైపు చూశాడు. నేను రెప్ప వేయలేదు. "లేదండీ. ఏమీ లేదు" అన్నాడు.

డాక్టరు మూత బిగించాడు. "ఇది అమోనియా. వాసన పూర్తిగా పోయినవాడికైనా దీని మంట తెలిసి తీరుతుంది. మంట ముక్కు పట్టే వాసన కాదు, దాని నరమే వేరు. నిజంగా ముక్కు పోయినవాడు 'వాసన లేదు గానీ మండుతోంది' అంటాడు. అబద్ధం చెప్పేవాడే ఏమీ తెలియలేదంటాడు. కళ్ళు చూడండి సార్" అన్నాడు.

"మండిందండీ!" అన్నాడు మామయ్య. "మండింది. భయపడి చెప్పలేదు. మా చెల్లెలు..."

విచారణాధికారి అప్పటికే రాయడం మొదలుపెట్టాడు. నేను ఏదో అరిచాను. నన్ను బయటికి పంపారు. వరండాలో నిలబడి, విచారణలో ఆయన ఆడిన ఆ ఒక్క అబద్ధం ఆయన నోట్లో పెట్టింది నేనే కదా అని గోడకు తల కొట్టుకున్నాను.

మూడో వారంలో ఉత్తర్వు పోస్టులో వచ్చింది. అప్పటికి అమ్మ పాదం నల్లబడింది. ధర్మాసుపత్రిలో సోమవారం రమ్మన్నారు, మోకాలి కింద తీసేయడానికి. కవరు చించి నేను చదువుకుని, అమ్మకు చెప్పే ధైర్యం లేక బల్ల మీద పడేశాను. మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అమ్మ మంచం మీంచి ఇటు తిరిగింది.

"అన్నయ్యా, అదేంటో చదువు" అంది. ఆయనతో ఆవిడ మాట్లాడి అప్పటికి రెండు నెలలు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే చదివాడు. "రిజిస్టరు రాసిన పరీక్షకుని ఘ్రాణశక్తి సక్రమముగా నున్నట్లు వైద్యుని పరీక్షలో తేలినది. తన సోదరికి మేలు చేయు ఉద్దేశముతో అతడు అసత్యము పలికినట్లు భావించుచున్నాము. కావున రిజిస్టరులోని నమోదులన్నియు నమ్మదగినవి. అర్జీదారు పాషాణము గల రాతిని ఎన్నడూ ముట్టలేదు. అర్జీ కొట్టివేయడమైనది."

అమ్మ మోచేతి మీద కాస్త లేచింది. "అంటే నీ ముక్కు బాగానే ఉందన్నమాట."

"లేదు చెల్లాయ్. వాళ్ళు తప్పు రాశారు. నీకు నేను చెప్పాను కదా, ఆ గది ఇచ్చినప్పటి నుంచీ..."

"సర్కారు వాళ్ళు సంతకం పెట్టి, ముద్ర వేసి మరీ రాశారు. ఆ ముక్క ఇంకోసారి చదువు."

ఆయన చదివాడు. అమ్మ కళ్ళు మూసుకుని విని, మళ్ళీ చదవమంది. మూడోసారి చదువుతూ "సక్రమముగా" దగ్గర ఆగిపోయాడు. నాకిక చూడబుద్ధి కాలేదు. ఆవిడ శిక్ష వేస్తోందో, నిజంగానే నమ్ముతోందో నాకు అర్థం కాలేదు. ఇద్దరి మీదా అసహ్యమేసింది. వెళ్ళి ఆయన చేతిలో కాగితం లాగేసుకున్నాను.

"చాలు, ఆపండి! అది పచ్చి అబద్ధం. నీకూ తెలుసు అమ్మా."

"ఇచ్చెయ్యవే" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఆయన తప్పేం లేదని రాసున్నది ఆ ఒక్క కాగితంలోనే. అదీ అబద్ధమైతే, సోమవారం నా కాలు ఎవరు తీస్తున్నారని అనుకోవాలే నేను?"

మామయ్య నా వేళ్ళు విడదీసి కాగితం తీసుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని, అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.